భోజన వేళ రెండు గంటలే.. హోటళ్ల మనుగడ ఆ రెండింటిలోనే

మందస: మధ్యాహ్నం పన్నెండున్నర మొదలు రెండున్నర వరకు. చిన్న పట్టణాల్లో భోజన హోటలు నడిపేవారి రోజంతా ఈ రెండు గంటల చుట్టూనే తిరుగుతుంది. తెల్లవారుజామున పొయ్యి వెలిగించడం, కూరగాయలు తరగడం, బియ్యం కడగడం.. అన్నీ ఆ కొద్దిపాటి సమయానికి సన్నాహాలే. ఆ వేళ దాటితే అదే గదిలో, అవే బల్లల దగ్గర ఈగలు తోలుకోవాల్సిందే. గది అద్దె, గ్యాసు బండ, పనివారి కూలి మాత్రం ఖాళీగా ఉన్న వేళలకూ వర్తిస్తాయి. మందస, హరిపురం, పలాస-కాశీబుగ్గ, టెక్కలి ప్రాంతాల్లో కుటుంబ సభ్యులే వంటవారుగా, వడ్డించేవారుగా నెట్టుకొస్తున్న చిన్న హోటళ్లు ఈ లెక్కను ఎంత త్వరగా గ్రహిస్తే అంత మేలన్న వాదనకు బలమైన ఆధారాలే ఉన్నాయి.

సరుకుల ధర పెరిగితే భోజనం ధర ఓ పది రూపాయలు పెంచడం, లేదా కూరల్లో ఒకటి తగ్గించడం హోటలు యజమానులకు తెలిసిన పాత విద్య. సమయాన్ని సరుకుగా చూడటం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. బియ్యం బస్తా మిగిలితే మర్నాడు వండుకోవచ్చు. ఒంటిగంట వేళ ఖాళీగా గడిచిపోయిన కుర్చీని మర్నాటికి దాచుకోవడం కుదరదు.

గల్లాపెట్టె చెప్పని నష్టం

రాత్రి గల్లాపెట్టె లెక్క చూసుకుంటే ఎందరు తిన్నారో తెలుస్తుంది. గుమ్మం దాకా వచ్చి, లోపల కిక్కిరిసి ఉండటం చూసి, పక్క హోటలుకో అరటిపండ్ల బండి దగ్గరికో వెళ్లిపోయినవారి లెక్క మాత్రం ఎక్కడా నమోదు కాదు. చిన్న హోటలుకు అసలు నష్టం అక్కడే. అయితే అది కంటికి కనిపించే నష్టం కాదు గనుక, ‘ఇవాళ బేరం బాగానే ఉంది’ అన్న సంతృప్తితోనే తలుపులు మూస్తారు.

ఇటువంటి నష్టాన్ని మొదట లెక్కగట్టింది విమానయాన సంస్థలు. విమానం గాలిలోకి లేచాక ఖాళీ సీటుకు విలువ ఉండదన్న సూత్రంపై 1980వ దశకంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వంటి సంస్థలు టికెట్ల ధరలను, సీట్ల కేటాయింపును గిరాకీని బట్టి మార్చడం మొదలుపెట్టాయి. అదే ఆలోచనను భోజనశాలలకు వర్తింపజేస్తూ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన షెరిల్ కైమ్స్ 1998లో ఒక కొలమానాన్ని ప్రతిపాదించారు. హోటలు ఎన్ని భోజనాలు అమ్మింది, ఎంత సొమ్ము వచ్చింది అని విడివిడిగా చూడకుండా, అందుబాటులో ఉన్న ఒక్కో కుర్చీ ఒక్కో గంటకు ఎంత సంపాదించి పెట్టిందో చూడాలన్నదే దాని సారాంశం. తెలుగులో దీనిని ‘కుర్చీ-గంట రాబడి’ అనుకోవచ్చు. పేరు కొత్తదైనా, పెళ్లిళ్లలో ‘మొదటి బంతి ఎప్పుడు లేస్తుంది, రెండో బంతికి ఎందరు’ అని పెద్దలు ఆరా తీసేది ఈ లెక్క గురించే.

నలభై కుర్చీల హోటలును ఉదాహరణగా తీసుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది. రెండు గంటల భోజన వేళకు ఆ హోటలు చేతిలో ఉన్నవి 80 కుర్చీ-గంటలు. భోజనం ధర 100 రూపాయలు అనుకుందాం. ఒక్కొక్కరు కూర్చున్నది మొదలు బల్ల తుడిచి మరొకరిని కూర్చోబెట్టే వరకు 30 నిమిషాలు పడితే 160 భోజనాలు, 16,000 రూపాయలు. కుర్చీ-గంటకు 200 రూపాయలు. అదే పని 40 నిమిషాలు పడితే 120 భోజనాలు, 12,000 రూపాయలు. కుర్చీ-గంటకు 150. పది నిమిషాల తేడా ఒక పూటకు 4,000 రూపాయలు. ఏడాదిలో 300 రోజులు తెరిచి ఉంటే అది 12 లక్షలు. ఇందులో సగం సరుకులకు పోయినా మిగిలేది ఒక కుటుంబం ఏడాది పాటు బతకగల మొత్తం.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. గంటకు 80 మంది వచ్చేచోటే అది వర్తిస్తుంది. జాన్ లిటిల్ 1961లో గణితపరంగా నిరూపించిన సూత్రం ప్రకారం, గంటకు వచ్చేవారి సంఖ్యను ఒక్కొక్కరు గడిపే సమయంతో గుణిస్తే ఏ క్షణాన సగటున ఎందరికి చోటు కావాలో తేలుతుంది. గంటకు 80 మంది వచ్చి అరగంట చొప్పున గడిపితే 40 కుర్చీలు సరిపోతాయి. వారే 40 నిమిషాలు గడిపితే మరో 14 కుర్చీలు కావాలి. గది పెంచే స్తోమత లేని యజమానికి ఆ పది నిమిషాలే 14 కుర్చీలతో సమానం. వచ్చేది గంటకు 30 మందే అయితే మాత్రం తొందరపడి ప్రయోజనం లేదు. నిదానంగా తినేవారితో నిండుగా కనిపించే హోటలే బాటసారిని లోపలికి రప్పిస్తుంది.

తిండికి కాదు.. ఎదురుచూపులకే

పది నిమిషాలు తగ్గించాలనగానే తినేవారిని తరిమేయాలని అర్థం చేసుకునేవారూ ఉన్నారు. బిల్లు ముందుగానే బల్లపై పడేయడం, నీళ్ల గ్లాసు తీసేయడం, పెరుగు పోసీపోయకముందే బల్ల తుడిచే గుడ్డ పట్టుకుని పక్కన నిలబడటం.. ఇవన్నీ ఆ కోవకు చెందినవే. తింటున్నవాడిని తొందరపెట్టడం మన ప్రాంతంలో మర్యాద కాదు సరికదా, పాపమనేవారూ ఉన్నారు. అలా అవమానపడినవారు గొడవ చేయరు. మరోసారి ఆ గుమ్మం తొక్కరంతే.

నిజానికి ఫుల్ మీల్స్‌కు కూర్చున్న మనిషి నమిలి మింగడానికి పట్టే సమయం మొత్తంలో కొంత భాగమే. మిగిలినదంతా నిరీక్షణ. విస్తరి పడే వరకు ఒక నిరీక్షణ. పప్పు, కూర వచ్చాక రెండోసారి అన్నం కోసం మరొకటి. సాంబారు బకెట్టు గది ఆ మూలన ఉంటే ఈ మూలవారికి చారు అందేసరికి చేయి ఎండిపోతుంది. పెరుగు కోసం చూపులు. ఆ తర్వాత చేతులు కడుక్కునే కుళాయి వద్ద వరుస, గల్లా వద్ద చిల్లర కోసం మరో వరుస. ఇందులో ఏ ఒక్కటీ తినేవారికి సంతోషం కలిగించేది కాదు. వీటిని తగ్గిస్తే యజమానికి కుర్చీ త్వరగా చేతికొస్తుంది, తినేవారికి తృప్తి పెరుగుతుంది. ఇద్దరికీ మేలు చేసే చోటు ఇదొక్కటే కావడం గమనార్హం.

పై ఉదాహరణలోని 40 నిమిషాలను అన్నం బకెట్టు పట్టుకునేందుకు అదనంగా ఒక మనిషిని పెట్టి 37 నిమిషాలకు దింపినా, రెండు గంటల్లో తొమ్మిది భోజనాలు అదనంగా వడ్డించవచ్చు. 900 రూపాయల్లో సరుకులు పోగా సగం మిగిలితే, ఆ రెండు గంటల మనిషికి కూలి గిట్టుబాటవుతుంది. రోజంతా ఉండే పనివాడు అక్కర్లేదు, ఆ రెండు గంటలకు వచ్చి వెళ్లేవారు చాలు. ఊళ్లో ఇంటి పని ముగించుకుని వచ్చే మహిళలకు అటువంటి ఉపాధి అనుకూలం కూడా. బల్ల తుడవడానికి బడి ఈడు పిల్లలను పెట్టుకోవడం మాత్రం ఏ లెక్కలోనూ ఒప్పుకోదగింది కాదు. పద్నాలుగేళ్లలోపు వారిని ఏ వృత్తిలోనూ పనిలో పెట్టుకోరాదని బాల కార్మిక చట్టానికి 2016లో తెచ్చిన సవరణ స్పష్టం చేసింది.

డబ్బు ముందు చెల్లించి టోకెను తీసుకునే పద్ధతి మరో ఉపాయం. బెంగళూరులోని జయనగర్‌లో 1983లో మొదలైన ‘దర్శిని’ తరహా ఫలహారశాలలు నిలబడి తినడం, ఎవరిది వారే తెచ్చుకోవడం అన్న రెండు మార్పులతోనే తక్కువ ధరకు ఎక్కువ మందికి టిఫిను పెట్టగలిగాయి. రాష్ట్రంలో 2018 జులై 11న ప్రారంభమై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న తిరిగి తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో అయిదు రూపాయలకు భోజనం పెడుతున్నదీ టోకెను పద్ధతిలోనే. అయితే టిఫినుకు నప్పిన పద్ధతి పూర్తి భోజనానికి యథాతథంగా నప్పదు. విస్తరి ముందు కూర్చుని, మారు వడ్డన అడిగి పెట్టించుకోవడం మన భోజనంలో భాగం. అన్నం అడగడానికి లేచి వెళ్లాల్సిన చోటును ఉద్దానం రైతు హోటలుగా లెక్కవేయడు. టోకెను గల్లా వద్ద, వడ్డన బల్ల వద్ద అన్న మధ్యేమార్గమే ఇక్కడ చెల్లుబాటవుతుంది. ఫోను ద్వారా చెల్లింపులు వచ్చాక చిల్లర గొడవ చాలావరకు తీరింది. కానీ సిగ్నలు అందని వేళ, సొమ్ము పడిందో లేదోనని ఇద్దరూ తెరవైపు చూస్తూ నిలబడే ఆ ఒక్క నిమిషమే గల్లా వద్ద కొత్త వరుసను సృష్టిస్తోంది.

సంగీతం సైతం సమయాన్ని మారుస్తుందంటే నమ్మశక్యం కాకపోవచ్చు. అమెరికాలోని ఒక రెస్టారెంటులో రొనాల్డ్ మిలిమన్ జరిపి 1986లో ప్రచురించిన పరిశీలనలో, నిదానమైన సంగీతం వినిపించిన రోజుల్లో భోజనం చేసేవారు సగటున 56 నిమిషాలు, వేగమైన సంగీతం ఉన్నప్పుడు 45 నిమిషాలు గడిపారు. నిదానంగా ఉన్నవారు పానీయాలపై ఎక్కువ ఖర్చు చేశారు. భోజనానికి ఒకే ధర ఉండే మన హోటళ్లలో ఎక్కువసేపు కూర్చున్నవారు ఎక్కువ చెల్లించేదేమీ లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు టీవీలో క్రికెట్ మ్యాచ్ పెట్టే యజమానులు ఈ సంగతి ఆలోచించాలి.

మందసది ఒక తీరు.. కాశీబుగ్గది మరో తీరు

ఒకే పద్ధతి అన్నిచోట్లా పనిచేయదనడానికి ఈ ప్రాంతమే నిదర్శనం. మహేంద్రగిరి దిగువన, జాతీయ రహదారికి లోపలగా ఉన్న మందసలో గిరాకీ మండల కార్యాలయాల పనివేళలను అనుసరిస్తుంది. సోమవారం అర్జీలు ఇచ్చేందుకు వచ్చేవారితో రద్దీ పెరుగుతుంది. కొండ మీది సవర గూడేల నుంచి దిగివచ్చేవారు పొద్దుండగానే ఆటోలు అందుకుని వెనుదిరగాలి. వీరి భోజనం పన్నెండుకే మొదలవుతుంది. వాసుదేవ పెరుమాళ్ ఆలయ ఉత్సవాల వేళ రద్దీ సంగతి చెప్పనక్కర్లేదు. మిగిలిన రోజుల్లో మధ్యాహ్నం రెండు దాటితే వీధి సద్దుమణుగుతుంది. అటువంటి చోట సోమవారానికి ఒక లెక్క, బుధవారానికి మరో లెక్క ఉండాలి. వారమంతా ఒకే పరిమాణంలో వండటం, ఒకేమంది పనివారిని ఉంచడం వల్ల సోమవారం అన్నం చాలక, బుధవారం మిగిలిపోయి నష్టపోతారు.

మందస పేరు చెప్పగానే గుర్తొచ్చే కోవాకు కుర్చీతో పనే లేదు. పాలు మరిగించి తయారుచేసే ఈ తీపి పొట్లంలో కట్టించుకుపోయేది. గంటకు ఇన్ని కుర్చీలు అన్న పరిమితి దానికి వర్తించదు. భోజన హోటలు గుమ్మం పక్కనే అద్దాల బీరువాలో కోవా పెట్టి అమ్మితే, లోపల చోటు కోసం నిలబడినవారే దానికి మొదటి కొనుగోలుదారులవుతారు. స్థలం పెంచకుండా రాబడి పెంచుకునే దారి స్థానికంగానే ఉన్నా, భోజనం ఒకచోట, కోవా మరోచోట అన్నట్లు సాగడమే మామూలు.

పలాస-కాశీబుగ్గలో పరిస్థితి వేరు. హౌరా-చెన్నై ప్రధాన రైలు మార్గంలో ఉన్న పలాస స్టేషను, జీడిపప్పు బట్టీలు, దుకాణాలు, 2022లో ఏర్పాటైన రెవెన్యూ డివిజను కార్యాలయాలు.. అన్నీ కలిసి గిరాకీని రోజంతా పరుస్తాయి. రైలు దిగినవారు ఒక్కసారిగా వస్తారు. రైలు ఆలస్యమైతే వండినది చల్లారుతుంది. బజారులో గది అద్దెలు ఎక్కువ, స్థలం ఇరుకు. కుర్చీ-గంట లెక్క ఖచ్చితంగా అవసరమైనది ఇక్కడే. ఇద్దరు వచ్చి నలుగురి బల్లను ఆక్రమిస్తే సగం వృథా. అపరిచితులు ఒకే బల్లను పంచుకోవడం మన హోటళ్లలో ఏనాటి నుంచో ఉన్న అలవాటు. నగరాల్లోని ఖరీదైన రెస్టారెంట్లు ఆ వెసులుబాటును పోగొట్టుకుని ఇద్దరి బల్లలు, నలుగురి బల్లల నిష్పత్తిపై తలలు పట్టుకుంటున్నాయి. ‘ఫ్యామిలీ రూము’ పేరిట ఉన్న కాస్త స్థలాన్నీ అడ్డుగోడలతో విడగొడుతున్న చిన్న హోటళ్లు అదే తలనొప్పిని కొని తెచ్చుకుంటున్నాయి.

జాతీయ రహదారి వెంబడి దాబాలకు ఈ బాధ లేదు. స్థలం విశాలం. కొబ్బరికాయల లోడుతో వెళ్లే లారీ డ్రైవరు నులక మంచంపై గంటసేపు నడుం వాల్చినా ఇబ్బంది లేదు. ఆ విశ్రాంతి కోసమే అతడు అక్కడ ఆగుతాడు. బస్సు ఆగితే మాత్రం కథ తారుమారవుతుంది. నలభై మంది ఒకేసారి దిగుతారు, పావుగంటలో ఎక్కాలి. ఆ పావుగంటలో వేడివేడిగా దోసెలు పోస్తామంటే జరిగే పని కాదు.

పెనం దగ్గర చిక్కుముడి

కుర్చీలు ఎన్ని ఉన్నా పెనం ఒక్కటే అయితే ఫలితం లేదు. ఉదయం టిఫిను వేళ ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఒకేసారి నాలుగు దోసెలు పట్టే పెనంపై విడతకు నాలుగు నిమిషాలు పడితే గంటకు అరవై దోసెలకు మించి రావు. అరవై ఒకటో మనిషి కుర్చీలో కూర్చుని ఎదురుచూడాల్సిందే. ఇడ్లీ ఒక్క వాయిలో పదుల సంఖ్యలో దిగుతుంది. రద్దీ వేళ ఇడ్లీ, పూరీ, ఉప్మాలకు పరిమితమై, దోసెలను ఎనిమిదిన్నర తర్వాత మొదలుపెట్టే హోటళ్లు తెలిసో తెలియకో సరైన పనే చేస్తున్నాయి.

పార్శిళ్లదీ ఇదే తంతు. కుర్చీ అక్కర్లేని అమ్మకం గనుక అంతా లాభమేనని భావిస్తారు. కానీ ఒంటిగంటకు గల్లా వద్ద పది పార్శిళ్లు కడుతుంటే లోపల విస్తరి ముందు కూర్చున్నవారికి కూర అందదు. పప్పు, చారు పొట్లాలను పన్నెండుకే కట్టి ఉంచుకుని, పార్శిళ్లకు వేరే మనిషిని, వేరే కిటికీని కేటాయించలేనప్పుడు ఆ గిరాకీని పన్నెండుకు ముందుకో, రెండు తర్వాతకో మళ్లించడం మేలు. ముందుగా ఫోను చేసి చెప్పినవారికి అయిదు రూపాయలు తగ్గిస్తే చాలామంది మళ్లుతారు.

ధర పెంచితే తిరగబడుతుంది

విమానం టికెట్టు మాదిరి రద్దీ వేళ భోజనం ధర పెంచితే పోలేదా అన్న ప్రశ్న సహజం. అది ఇక్కడ ఎదురుతన్నుతుంది. కానెమన్, నెచ్, థేలర్ అనే పరిశోధకులు 1986లో ప్రచురించిన సర్వేలో ఒక ప్రశ్న ప్రసిద్ధి చెందింది. పెద్ద మంచు తుపాను మర్నాడు 15 డాలర్ల పారను దుకాణదారు 20 డాలర్లకు అమ్మడం న్యాయమేనా అని అడిగితే 82 శాతం మంది అన్యాయమన్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసిన ఉద్దానంలో ఇటువంటి ప్రశ్నకు జవాబు వేరుగా ఉంటుందని ఎవరూ అనుకోరు. అవసరంలో ఉన్నవాడి దగ్గర ఎక్కువ పిండుకోవడం మరపురాని మచ్చ. అదే ధరను రద్దీ లేని వేళ తగ్గిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. లెక్క ఒకటే అయినా మనసుకు తోచే తీరు వేరు. మూడు గంటల తర్వాత ప్లేట్ మీల్స్ తక్కువకు ఇవ్వడం, సాయంత్రం బజ్జీ, గారెలకు టీ కలిపి ఒక ధర పెట్టడం ఈ కోవలోనివే.

సర్వీసు ఛార్జి పేరుతో బిల్లులో కలిపే దారి కూడా మూసుకుపోయింది. వినియోగదారు సమ్మతి లేకుండా దానిని కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు జారీ చేయగా, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇక పన్ను సంగతి. 2017 నవంబరు 15 నుంచి సాధారణ రెస్టారెంట్లకు జీఎస్టీ 5 శాతమే. సరుకులపై కట్టిన పన్ను తిరిగి రాదు. ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషను తప్పనిసరి. పైన చెప్పిన హోటలు రోజుకు 12,000 చొప్పున 300 రోజులకు 36 లక్షలు అమ్ముతోంది గనుక నిదానంగా నడిచినా ఆ గీత దాటినట్లే. కోటిన్నర వరకు కాంపోజిషను పథకంలో చేరవచ్చు. అందులో చేరినవారు 5 శాతాన్ని తాము కట్టాలే తప్ప బిల్లులో విడిగా వసూలు చేయరాదు. కుర్చీ-గంట రాబడి లెక్కించేటప్పుడు ఈ అయిదు రూపాయలను ముందే తీసేయాలి.

నిదానమే కావాల్సిన చోటు

పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి హోటళ్లకు కొత్త తరహా గిరాకీని తెచ్చింది. డయాలసిస్ ఒక్కో విడతకు సుమారు నాలుగు గంటలు పడుతుంది. వారంలో రెండు మూడుసార్లు తప్పదు. రోగికి తోడుగా వచ్చినవారు ఆ నాలుగు గంటలూ ఎక్కడో గడపాలి. వారికి తొందర లేదు, చేతిలో సొమ్మూ తక్కువే. ఒంటిగంటకు వారు కుర్చీ పట్టుకుంటే యజమానికి ఇబ్బంది. మూడు గంటలకు వారే రాకపోతే ఆ కుర్చీ ఎలాగూ ఖాళీ. టీ, రెండు ఇడ్లీలు తిని గంటసేపు కూర్చున్నా అప్పుడు పోయేదేమీ లేదు. ఫ్యాను కింద కూర్చోనిచ్చినందుకు మళ్లీ విడతకు వారు వెతుక్కుంటూ వచ్చేది ఆ హోటలుకే.

డయాలసిస్ ముగించుకుని వచ్చే రోగి ఏం తినాలన్నది ఇంకో సమస్య. పచ్చడి, అప్పడం, ఉప్పు దట్టించిన పులుసు వారికి పనికిరావు. ఆరోగ్యవంతులైన పెద్దలే రోజుకు అయిదు గ్రాముల ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. కిడ్నీ రోగులకు ఆంక్షలు ఇంకా ఎక్కువ, ఎవరు ఏం తినాలో వైద్యుడే చెప్పాలి. నీళ్ల విషయంలోనూ ఉద్దానం వాసులు గ్లాసు ఎత్తేముందు అవి ఎక్కడివని అడగడం మామూలైపోయింది. ఉప్పు వేయకముందే కూరలో కొంత పక్కకు తీసి ఉంచడానికి అదనపు గ్యాసు, అదనపు మనిషి అక్కర్లేదు. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు వరకు చప్పిడి కూరతో ప్లేట్ మీల్స్ దొరుకుతుందని గుమ్మం ముందు పలకపై రాసి పెట్టడానికి సుద్దముక్క చాలు.